తూకమూ, నేరమూ

మన చట్టంలో గంజాయికి ఒక గీత ఉంది. దాన్ని ఇరవై కిలోల దగ్గర గీశారు. కిలోకు పైన, ఇరవై కిలోల లోపు సరుకుతో పట్టుబడినవాడికి పదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. అయితే సందర్భాన్ని చూసి, మనిషిని చూసి, న్యాయమూర్తి ఆరునెలలతో సరిపెట్టినా అడిగేవారు లేరు. ఇరవై కిలోలు దాటితే మాత్రం పదేళ్ళకు తక్కువ వేసే అధికారం ఆయనకు లేదు. ఇరవై ఏళ్ళ దాకా వేయవచ్చు; లక్ష రూపాయలకు తగ్గని జరిమానా దానికి అదనం. గీతకు ఇవతల ఏది పైకప్పో, గీతకు అవతల అదే నేల అన్నమాట. ఒక మనిషి జీవితంలో పదేళ్ళు ఆ గీత మీద ఆధారపడి ఉన్నాయి.

వరంగల్లు వాళ్ళకు ఇది పుస్తకాలలో చదివే విషయం కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల నుంచి మహారాష్ట్రకు, హైదరాబాదుకు పోయే సరుకు రోడ్డున వస్తే భద్రాచలం, ఖమ్మం, మహబూబాబాదుల మీదుగా వస్తుంది. రైలున వస్తే భువనేశ్వర్ నుంచి ముంబయికి వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన వరంగల్లు, కాజీపేట స్టేషన్లలోనే ఆగుతుంది. సీటు కింద సంచి దొరికిందనీ, ఇద్దరిని అదుపులోకి తీసుకున్నారనీ వార్త రాని నెల అరుదు. 'అంతర్రాష్ట్ర ముఠా గుట్టురట్టు' అని శీర్షిక పెద్దగా ఉంటుంది. కింద చిన్న అక్షరాలలో చూస్తే ఒక ఆటో నడిపేవాడు, చదువు మానేసిన ఒక కుర్రవాడు, సంచి దింపితే ఇంత అని మాట్లాడుకుని వచ్చిన ఒక కూలి. సరుకు కొన్నవాడి పేరు 'పరారీలో ఉన్నాడు' అన్న ముక్క దగ్గర ఆగిపోతుంది. ఆ ముక్క దాటి ముందుకు పోయిన వార్త ఎన్నిసార్లు చదివామో పాఠకులే జ్ఞాపకం చేసుకోవాలి.

నేరాన్ని తూకం వేయవచ్చునా అన్నది ఇక్కడ ప్రశ్న. సంచి బరువు మోసినవాడి పాపం బరువుకు కొలత అవుతుందా? ప్రపంచంలోని చాలా చట్టాలు అవుతుందనే అంటున్నాయి. తేడా అంతా గీత ఎక్కడ గీయాలి, దాటినవాడిని ఏం చేయాలి అన్న దగ్గరే.

తూకాన్ని ఒక్కమాటతో తీసిపారేయడం న్యాయం కాదు. 1985లో మన పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టం తొలిరూపంలో నల్లమందు, హెరాయిన్ వంటివాటి విషయంలో కొద్దిపాటికీ గొప్పపాటికీ పెద్ద తేడా చూడలేదు. నా సొంత వాడకానికే ఈ కాస్త ఉంచుకున్నానని ముద్దాయే రుజువు చేసుకుంటే సరి, లేకపోతే పదేళ్ళ కనీస శిక్ష. 2001లో వచ్చిన సవరణ స్వల్పమనీ, వాణిజ్య పరిమాణమనీ, ఈ రెంటి నడుమదనీ మూడు మెట్లు కట్టింది. పొట్లం దగ్గర పెట్టుకున్న వ్యసనపరుణ్ణీ, బండెడు సరుకు తోలేవాణ్ణీ ఒకే గాటన కట్టకుండా ఆపింది తూకమే. దాని పక్షాన ఇంకో మాట కూడా ఉంది. శిక్షను న్యాయమూర్తి విచక్షణకే వదిలితే ఇంగ్లీషు మాట్లాడే ముద్దాయికి ఒక విచక్షణ, లంబాడా తండా నుంచి వచ్చిన ముద్దాయికి మరొక విచక్షణ అవుతుందన్న భయం మనదేశంలో ఉత్త భయం కాదు. రాయికి కులం తెలియదు గదా అని వాదించవచ్చు.

రాయికి కులం తెలియకపోవచ్చు గాని, రాయిని చెక్కేవాడికి తెలుస్తుంది. 1986లో అమెరికా చేసిన చట్టం చూడండి. పొడి రూపంలో ఉన్న కొకైను 500 గ్రాములుంటే అయిదేళ్ళ కనీస శిక్ష. అదే కొకైనును వంటసోడాతో ఉడికించి గడ్డలుగా చేసిన 'క్రాక్' అయితే 5 గ్రాములకే అయిదేళ్ళు. ద్రవ్యం ఒకటే; నిష్పత్తి నూటికి ఒకటి. పొడి తెల్లవాళ్ళ విందులలో, గడ్డ నల్లవాళ్ళ వాడలలో ఎక్కువగా దొరికేదని తెలిస్తే ఆ లెక్కలోని మర్మం వేరే విప్పి చెప్పనక్కరలేదు. ఇరవైనాలుగేళ్ళ పాటు నల్లజాతి యువకులతో జైళ్ళు నింపిన తరువాత, 2010లో ఆ నిష్పత్తిని పద్ధెనిమిదికి ఒకటిగా తగ్గించారు. ఒకటికి ఒకటి చేయడానికి చేతులు రాలేదు.

మన తూకంలోనూ ఇలాంటి విచిత్రమొకటి ఉంది. హెరాయిన్‌లో పిండో, సుద్దో కలిపి అమ్ముతారు. అప్పుడు తూచవలసింది అసలు మందునా, మొత్తం పొట్లాన్నా? అసలు మందునే అని సుప్రీంకోర్టు 2008లో అన్నది. కాదు, మొత్తాన్నే అని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కల్తీ సరుకు కూడా ప్రాణాలు తీస్తుంది గనుక ఈ తీర్పుకు కారణం లేకపోలేదు. కాని దీని ఫలితమేమిటి? శుద్ధమైన సరుకు కొద్దిగా ఉంచుకునేది పైమెట్టు మీదివాడు. పిండి కలిపిన సరుకు మోసేది చివరిమెట్టు మీదివాడు. పిండి బరువు కూడా చివరివాడి లెక్కలోనే పడుతుంది.

సింగపూరు ఈ తర్కాన్ని చివరికంటా నడిపించింది. అక్కడి చట్టం 1973 నాటిది. రెండేళ్ళకు దానిలోకి ఉరిశిక్ష వచ్చింది. శుద్ధమైన హెరాయిన్ 15 గ్రాములు దాటినా, గంజాయి 500 గ్రాములు దాటినా రవాణా చేసినవాడికి ఉరి. కిలో చిల్లర గంజాయి రవాణా కుట్రలో భాగస్వామి అన్న నేరం మీద 2023 ఏప్రిల్‌లో అక్కడ ఒకరిని ఉరితీశారు. ఆ తూకం మన దేశంలో 'స్వల్ప పరిమాణం' అన్న గీతకు పద్ధెనిమిది గ్రాములు మాత్రమే పైన ఉంటుంది. ఆ గీతలోపు అయితే మన చట్టంలో గరిష్ఠ శిక్ష ఒక్క ఏడాది. ఒకే మొక్క, ఒకే బరువు. మధ్యలో సముద్రం దాటేసరికి ఏడాది జైలు ఉరితాడుగా మారుతున్నది. నేరం వస్తువులో ఉంటుందని నమ్మేవారు దీనికి ఏమి జవాబు చెబుతారు?

అయితే సింగపూరు పాలకులకూ ఒక దశలో మనసు పీకింది. 2012లో చట్టం సవరించి, ముద్దాయి కేవలం మోతగాడేనని తేలితే ఉరికి బదులు యావజ్జీవమూ, బెత్తం దెబ్బలూ వేయవచ్చునన్నారు. కాని దానికి ఒక షరతు పెట్టారు. రవాణాను అరికట్టడానికి అతడు గణనీయంగా సాయపడ్డాడని ప్రభుత్వ న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి. మానసిక వైకల్యం రుజువైతే మరో దారి ఉంది గాని, దాని ద్వారం చాలా ఇరుకు. 2009లో తొడకు కట్టుకుని నలభై గ్రాముల పైచిలుకు హెరాయిన్ తెస్తూ పట్టుబడిన మలేషియా తమిళ యువకుడి తెలివితేటల కొలత 69 అని కోర్టుకు నివేదించారు. అయినా ఆ ద్వారంలో అతడు పట్టలేదు. 2022 ఏప్రిల్‌లో ఉరితీశారు.

ఈ ధ్రువపత్రం సంగతి మీద కాస్త నిలవాలి. సాయపడాలంటే ముందు తెలిసి ఉండాలి. ఎవరు కొన్నారు, ఎవరు పంపారు, ఎక్కడ నిలవచేశారు అన్నది ముఠాలో కొంత పైకి ఎక్కినవాడికి తెలుస్తుంది. సంచి మాత్రమే అందుకున్నవాడికి ఏమి తెలుస్తుంది? ఒక మారుపేరు, మరునాటికి పనిచేయని ఒక ఫోన్ నంబరు. నేరంలో అతని పాలు ఎంత తక్కువైతే అతని దగ్గర అమ్ముకోవడానికి ఉన్న సమాచారమూ అంత తక్కువ. అంటే ఈ చట్టం కింద ఎక్కువ పాపం చేసినవాడు ప్రాణం కొనుక్కోగలడు. తక్కువ చేసినవాడు కొనుక్కోలేడు. దయను కూడా బజారు సరుకు చేసిన ఈ ఏర్పాటు వ్యాపారనగరమైన సింగపూరులో పుట్టడంలో వింత లేదనుకుంటాను.

ఇంతవరకు వచ్చేసరికి మన మిత్రులలో కొందరు పోర్చుగల్ పేరెత్తుతారు. ఆ దేశం 2001 జూలై నుంచి సొంత వాడకానికి పదిరోజులకు సరిపడేంత దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. దొరికినవాణ్ణి కోర్టుకు కాక ఒక సలహాసంఘం ముందుకు పంపుతారు. అందులో వైద్యం, సమాజసేవ తెలిసినవారు ఉంటారు. వ్యసనపరుణ్ణి రోగిగా చూడడం ఎంతో ముందడుగు, సందేహం లేదు. మన చట్టంలోనూ వైద్యానికి స్వచ్ఛందంగా ఒప్పుకున్న వ్యసనపరుణ్ణి విచారణ నుంచి తప్పించే 64ఏ సెక్షను ఉంది గాని, దాన్ని తలచేవారు తక్కువ. అయితే పోర్చుగల్ వదిలింది వాడేవాణ్ణి; మోసేవాణ్ణి కాదు. రవాణాకు అక్కడ మామూలుగా నాలుగు నుంచి పన్నెండేళ్ళ జైలు. తేలిక కేసుకు తగ్గించే మరో నిబంధన పెట్టారు. ఆ నిర్ణయం న్యాయమూర్తి సందర్భాన్ని బట్టి చేస్తాడు. ఈ చివరి మాటను మన మిత్రులు సాధారణంగా ఉటంకించరు. మన ప్రశ్నకు పనికివచ్చేది మాత్రం అదే.

మరికొందరు చైనాను చూపుతారు. 1950 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం నల్లమందును నిషేధించింది. కొద్ది సంవత్సరాలలోనే, నూరేళ్ళుగా ఆ దేశాన్ని పీల్చిన వ్యసనం దాదాపు కనిపించకుండా పోయింది. పెద్ద వర్తకులను కాల్చిచంపారు. ఆ సంగతి దాచనక్కరలేదు, మెచ్చుకోనూ అక్కరలేదు. కాని అంతకుముందూ చైనాలో మరణశిక్షలున్నాయి. వాటివల్ల నల్లమందు పోలేదు. అదే కాలంలో భూసంస్కరణ జరిగింది, గసగసాల చేలలో తిండిగింజలు వేశారు, వీధివీధినా సంఘాలు వ్యసనపరులను మాన్పించే పని మీద వేసుకున్నాయి. ఈనాటి చైనా శిక్షాస్మృతిలో 50 గ్రాముల హెరాయిన్ మరణశిక్షకు చాలు. భూమి సంగతి వదిలి తూకం ఒక్కటీ మిగుల్చుకున్న ఆ చట్టాన్ని 1950 పేరు చెప్పి సమర్థించడం చరిత్రను తెలియక మాట్లాడడమే.

చైనాకు ఆ వ్యసనం అంటించింది ఎవరో కూడా మరవకూడదు. మతం గురించి మార్క్స్ నల్లమందు పోలిక తెచ్చిన సంగతి మనవారిలో తెలియనివారు లేరు. నల్లమందు మీదనే ఆయన 1858లో న్యూయార్కు పత్రికకు వ్యాసాలు రాసిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. బీహారు రైతుల చేత బలవంతంగా గసాలు వేయించి, పాట్నాలో, ఘాజీపూరులో సర్కారు కార్ఖానాలు పెట్టి, వేలంపాటలో అమ్మిన ఈస్టిండియా కంపెనీ ప్రపంచంలోని ఏ ముఠా కన్నా పెద్ద ముఠా. 1839లో లిన్ జెషూ అన్న అధికారి ఇరవైవేల పెట్టెల నల్లమందును సముద్రం పాలు చేస్తే, తన దేశపు చట్టాన్ని అమలుచేసిన ఆయన మీదికి యుద్ధనౌకలు వచ్చాయి. సర్కారు అమ్మితే ఆదాయం, పౌరుడు అమ్మితే అపరాధం అన్న సూత్రం మనకు ఆ దొరల నుంచే సంక్రమించింది. 1893–94లో గంజాయి విషయమై నియమించిన కమిషను వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్ను వేయండి అని తేల్చింది. నిజాయితీగా చేసిన విచారణే కావచ్చు. సర్కారు ఖజానాకు నొప్పి కలగని తీర్పు కూడా.

మన్యంలో ఈ సూత్రం ఎలా నడిచిందో చూడండి. రంప కొండలలో గిరిజనులు తమ జీలుగుచెట్ల కల్లు తాము గీసుకుని తాగేవారు. అబ్కారీ నిబంధనలు వచ్చి, కల్లు హక్కు గుత్తకు పోయి, సొంత చెట్టు కల్లు నేరమైంది. పైన మన్సబుదారు చిగురు పన్ను. 1879 మార్చిలో రంప పితూరీ లేచిందంటే దానికి ఈ కల్లు గొడవ ఒక ముఖ్యకారణం. నలభై మూడేళ్ళ తరువాత 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి ఠాణా మీద పడింది. కల్లు మానండని గిరిజనులకు చెప్పినవాడు సీతారామరాజు; కల్లు గీసుకున్నందుకు శిక్షించినవాడు దొర. మత్తును వ్యతిరేకించడానికీ, మత్తు పేరుతో మనిషిని అణచడానికీ ఉన్న తేడా ఈ ఇద్దరిలో కనిపిస్తుంది.

అదే చింతపల్లి పేరు ఈనాడు గంజాయి వార్తల్లో వింటున్నాం. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, అవతల మల్కనగిరి, కోరాపుట్ కొండలు — ఇవన్నీ ఒక పటంలో పెట్టి చూస్తే గిరిజనుల పోడు భూముల పటమే అవుతుంది. విత్తనం, పెట్టుబడి ముందుగా ఇచ్చేవాడు మైదానం నుంచో, పరరాష్ట్రం నుంచో వస్తాడు. పంట అయిదారు నెలల్లో చేతికొస్తుంది. కొనేవాడు చేను దగ్గరికే వస్తాడు. దానికి బదులు వేయమనే కాఫీ మొక్క మూడు నాలుగేళ్ళు ఆగితే గాని కాపుకు రాదు. ఆ మూడేళ్ళు ఏం తినాలన్న ప్రశ్నకు 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దగ్గర గాని, చట్టం దగ్గర గాని పూర్తి జవాబు లేదు. 2021–22లో 'ఆపరేషన్ పరివర్తన' అన్న పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. పని జరగలేదనలేము. కొన్ని గ్రామాలలో గిరిజనులే కత్తులు పట్టి నరికారు. కాని ఆ మంటల్లో పెట్టుబడి పెట్టినవాడి ఇల్లు ఒక్కటైనా కాలిందా?

ఇక్కడే ఇంకొక తూకం కనిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్, రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ జిల్లాలలో రైతులు నల్లమందు గసాలు బాహాటంగా పండిస్తారు. కేంద్ర ప్రభుత్వం ఏటా లైసెన్సు ఇస్తుంది, ధర కడుతుంది, మందుల తయారీకి కొంటుంది. అక్కడి రైతుకు లైసెన్సు ఇచ్చేదీ ఈ 1985 చట్టమే, గంజాయి వేసిన పాడేరు రైతుకు పదేళ్ళ వరకు జైలు చూపేదీ ఈ 1985 చట్టమే. రాష్ట్రాలు కావాలనుకుంటే గంజాయిమొక్క సాగును కూడా నియంత్రించి అనుమతించే వీలు పదో సెక్షనులో ఉంది. మన్యమంతా గంజాయి వేయమని నేను అనడం లేదు. భూమి, నీరు, పలుకుబడి ఉన్న రైతు చేతిలో మత్తుమొక్క ఔషధమవుతుంటే, అవి లేని రైతు చేతిలో అది ఘోరనేరమే ఎందుకవుతున్నదో ఆలోచించమంటున్నాను.

టర్కీ 1971లో అమెరికా ఒత్తిడికి లొంగి గసాల సాగు నిషేధించి, రైతుల గోడు భరించలేక 1974లో ఎత్తివేసింది. కాయకు గాటు పెట్టి పాలు తీయడం మాత్రం మాన్పించి, ఎండిన కాయలనే సర్కారు కొనే పద్ధతి పెట్టింది. బొలీవియా కథ ఇంకా గట్టిది. కోకా ఆకు నమలడాన్ని పాతికేళ్ళలో రూపుమాపాలని 1961 అంతర్జాతీయ ఒడంబడిక ఆదేశించింది. ఆండీస్ కొండజనానికి ఆ ఆకు మనకు తమలపాకు వంటిది. 2004లో చపారే ప్రాంతపు కోకా రైతులు పోరాడి కుటుంబానికి 1,600 చదరపు మీటర్ల సాగు సాధించుకున్నారు; 2006 తరువాత ఆ హద్దు దాటకుండా చూసే బాధ్యతలో రైతుసంఘాలకే భాగమిచ్చారు. 2011లో బొలీవియా ఆ ఒడంబడికలోంచి బయటికి వచ్చేసి, ఆకు నమిలే హక్కు తమకు ఉంచుకుంటున్నామన్న షరతుతో 2013లో తిరిగి చేరింది. అభ్యంతరం చెప్పినవి పదిహేను దేశాలే. ఒక చిన్న దేశపు కొండరైతులు ప్రపంచపు చట్టాన్ని తమ చేను గట్టు దాకా పిలిపించుకున్నారు. కోకా ఆకు వేరు, గంజాయి వేరు అన్న ఆక్షేపణ సరైనదే. మన కొండలలో గంజాయి ఆచారపు పంట కాదు, బయటి బజారు కోసం వేయించిన పంట. అందువల్ల బొలీవియా జవాబు మనకు యథాతథంగా సరిపోదు. చట్టం చేసేటప్పుడు పండించేవాణ్ణి ఒక పక్షంగా కూర్చోబెట్టి మాట్లాడవచ్చునన్న పాఠం మాత్రం సరిపోతుంది.

పేదరికం అతని చేత చేయించింది, కాబట్టి అతనికి బాధ్యత లేదు అనే మాట మనవారి వ్యాసాలలో తరచు కనబడుతుంది. నాకది నచ్చదు. సంచి చేరేది కూడా పేదవాడలకే. హాస్టళ్ళలో, అడ్డాల మీద, కూలినాలి చేసుకునే కుర్రవాళ్ళ ఊపిరితిత్తులలోకే. మోతకు ఒప్పుకోనివారు అదే వాడలో వందమంది ఉన్నారు. వారి ముందు ఇతనికి ఏ బాధ్యతా లేదనడం వారిని అవమానించడమే. బాధ్యత ఉంది, అది అతని పాలికి తగినంత ఉండాలి. తూకం ఆ పాలును చెప్పలేదు. ఇరవై ఒక్క కిలోల సంచి మోసి కూలి తీసుకునేవాడూ, ఆ సంచి లాభంతో స్థలాలు కొనేవాడూ ఒకే సెక్షను కింద, ఒకే కనీస శిక్షకు పాత్రులు.

శిక్ష దాకా పోనక్కరలేదు. వాణిజ్య పరిమాణం కేసులో ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టు ముందే అనుకుంటే గాని బెయిలు రాదని 37వ సెక్షను అంటుంది. తీర్పులో తేలవలసినదాన్ని బెయిలులోనే తేల్చమనడం ఇది. ఏడేళ్ళకు పైగా జైలులో ఉన్న ఒక విచారణ ఖైదీకి సుప్రీంకోర్టు 2023 మార్చిలో బెయిలిస్తూ, విచారణ అతిగా ఆలస్యమైనప్పుడు ఈ సెక్షను అడ్డు కారాదని చెప్పింది. సుప్రీంకోర్టు దాకా పోగలిగినవాడికి దక్కిన న్యాయం అది. తాలూకా కోర్టులో జామీను ఇచ్చే బంధువు కూడా లేని కొండమనిషికి ఆ తీర్పు ఎప్పటికి అందుతుంది?

యజమానిని పట్టడానికి చట్టంలో దారి లేదా అంటే, ఉంది. పెట్టుబడి పెట్టినవాడికీ, దాచినవాడికీ 27ఏ సెక్షను కింద పది నుంచి ఇరవై ఏళ్ళు. అక్రమార్జిత ఆస్తుల జప్తుకు 1989 నుంచి ఒక అధ్యాయమే ఉంది. కాని ఇన్నాళ్ళూ యజమాని దాకా పోవడానికి పోలీసులు నమ్ముకున్న సులువైన దారి మోతగాడి నోరు. 2020లో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది: దర్యాప్తు అధికారి ముందు ముద్దాయి చెప్పిన మాటలు నేరాంగీకారంగా చెల్లవన్నది. దీనివల్ల పెద్దవాళ్ళు తప్పించుకుంటారని కొందరు వాపోయారు. ఆ బాధను తేలిగ్గా తోసిపుచ్చలేము. అయినా ఆ తీర్పే న్యాయమని నా అభిప్రాయం. ఠాణా గదిలో కూలివాడి వీపు మీద నుంచి యజమాని దాకా వేసిన దారి, చాలాసార్లు యజమాని దాకా పోకుండా మరొక కూలివాడి దగ్గరే ఆగేది. సింగపూరు ధ్రువపత్రమూ, మన పాత వాంగ్మూలమూ రెండూ మోతగాడినే తవ్వి చూసే పద్ధతులు. డబ్బు దారి వేరుగా ఉంది. అది బ్యాంకు ఖాతాలలో, భూముల రిజిస్ట్రేషను పత్రాలలో, లారీ యజమాని లెక్కల పుస్తకంలో ఉంది. దాన్ని వెతకడానికి బెత్తం అక్కరలేదు. లెక్కలు తెలిసిన గుమాస్తాలు, వాళ్ళను అడ్డుకోని పై అధికారులు కావాలి. కాజీపేటలో సంచి దొరికిన ప్రతిసారీ ఆ సంచికి టిక్కెట్టు కొన్న డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో అభియోగపత్రంలో ఒక పేరా ఉండాలని ఏ న్యాయమూర్తి అయినా అడిగితే, పరారీలో ఉన్నవాడి కోసం వెతకడం ఆ పేరా దగ్గర మొదలు పెట్టవచ్చు.